వదిన చెప్పిన దాపట, ఎలపట

మా వదిన పోయింది. మా ఆయన మీకు ఫోన్ చేసి చెప్పే ఉంటారు. అడవిలో ఇప్పపూలు రాలే రోజులు. పొద్దున జావ గిన్నె పట్టుకుని వెళ్లి, తల కింద చెయ్యి పెట్టి లేపబోతే లేవలేదు. నిద్రలోనే వెళ్లిపోయినట్టుంది. జావ ఇంకా వేడిగానే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

ముందుగా ఒక మాట. నా రాత బాగుండదు. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. మా పుట్టింటి ఊరికీ పెద్దబడికీ మధ్య వాగు ఉంది, వానాకాలం దాటనిచ్చేది కాదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. మీరంతా పెద్ద చదువులవాళ్లు, వదినతో కలిసి చదివినవాళ్లు, ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు. ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, ఇంటివాళ్లు కూడా నాలుగు మాటలు రాయాలని అడిగారట. మా ఆయన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. నాకు రాదంటే, "ఆఖరుదాంక అక్క కాడ ఉన్నది నువ్వే. నేనేం రాస్త, దవాఖాన సంగతులు తప్ప?" అన్నారు. కాబట్టి రాస్తున్నాను. అక్షరాలకూ తప్పులకూ మన్నించండి.

ఆమె మా ఆయనకు అక్క. నా పెళ్లికి హైదరాబాదు నుంచి ఒక్కరోజు వచ్చి వెళ్లింది. అప్పుడు నేను తల ఎత్తి ఆమె ముఖం కూడా చూడలేదు. కాళ్లు మాత్రం గుర్తున్నాయి, పసుపు లేకుండా, చెప్పుల గుర్తులు పడిన కాళ్లు. లెక్కల్లో ఏదో పెద్ద చదువు చదివి, అక్కడే పాఠాలు చెబుతోందని, పెళ్లి వద్దనుకుందని మాత్రమే తెలుసు. అంత చదివిన మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. పండగలకు ఆమె ఫోన్ చేసినా "బాగున్నరా వదినా" అని అత్తమ్మకు ఇచ్చేసేదాన్ని.

పోయిన వానాకాలం చివర, వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఆమెను ఇంటికి తెచ్చారు. తలలో గడ్డ. ఆపరేషన్‌కు అందని చోట ఉందని, ముందు ముందు మాటా జ్ఞాపకమూ తగ్గుతూ పోతాయని డాక్టర్లు చెప్పి పంపించారు. జూలూరుపాడు దాటి అడవి వైపు మలుపు తిరిగాక మా ఊరి దాకా దారి గుంతలు. కారు దిగేటప్పుడు ఆమె నా భుజం పట్టుకుని, "తల్కాయ ఇంక మెడ మీదనే ఉన్నదా చూడు పిల్లా" అంది. నవ్వొచ్చింది. వెంటనే భయమేసి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మొదటి వారంలోనే ఒక తమాషా జరిగింది. ఎప్పుడో అత్తమ్మ "నువ్వు సదివేది దేని మీద బిడ్డా" అని అడిగితే వదిన "అడ్‌జాయింట్ల మీద" అని చెప్పిందట, లెక్కల్లో అవొక రకం జతలట. అత్తమ్మకు అందులో జాయింట్లు ఒక్కటే వినబడ్డాయి. ఆ తర్వాత పేరు ముందు డాక్టర్ అని కూడా వచ్చేసరికి, మా పెద్దది కీళ్ల డాక్టరని ఊరంతా చెప్పుకుంది. వదినను చూడటానికి వచ్చినవాళ్లు కాసేపు కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత మెల్లగా మోకాలు ముందుకు చాపేవాళ్లు. "కూసుంటె లేవరాదు, లేస్తె కూసోరాదు తల్లీ" అన్నాడు ఒక ముసలాయన. "నాది గట్లనే ఉన్నది తాతా" అంది వదిన. ఎవరినీ కాదనలేదు. ఏ మోకాలని అడిగి, ఉప్పునీళ్ల కాపడం పెట్టుకోమని చెప్పి పంపేది. వాళ్లు వెళ్లాక దగ్గు వచ్చేదాకా నవ్వేది. "అమ్మ చెప్పింది మొత్తం తప్పేం గాదు. నాది రెండింటిని కలిపే పనే" అంది నాతో.

ఆమెకు కొన్ని అలవాట్లు ఉండేవి. అవి మీకూ తెలిసే ఉంటాయి. చాయ్‌లో చక్కెర వద్దనేది. ఏదైనా ఆలోచించేటప్పుడు ఒక కన్ను మూసేది. దుప్పటి మీద, అరుగు మీద, ఒకసారి రొట్టెపిండి మీద కూడా వేలితో బాణాలు గీసేది, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. గీసినదాన్ని అరచేత్తో తుడిచేది, అక్కడ తుడవడానికి ఏమీ లేకపోయినా. ఇంకొకటి, ఏదైనా చెప్పాక అర్థమైందా అని అడిగేది కాదు. "ఎట్లున్నది?" అని అడిగేది, కూర వడ్డించినవాళ్లు అడిగినట్టు.

స్నానం చేయించేది, తల దువ్వేది నేనే కాబట్టి మెల్లమెల్లగా నాతోనే ఎక్కువ మాట్లాడేది. ఒకరోజు తల దువ్వుతుంటే దువ్వెన పట్టుకుని ఆపేసింది. "ఇన్నేండ్లు నేనేం చేసిన్నో ఇంట్ల ఒక్కరికన్న తెల్వాలె. నాది నాకే యాదిలకెల్లి పోకముందు. నీకు చెప్త, వింటవా?" అంది. నాకేం వస్తుంది వదినా, ఏడో తరగతి దాన్ని అన్నాను. "నీకు సదువు రాక గాదు మాట్లాడనిది, సిగ్గయి. సిగ్గుకు లెక్కలకు ఏం పగ లేదు. నాక్కూడ సిగ్గే" అంది. అంత పెద్ద మనిషికి సిగ్గేమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆ రోజు నుంచి నా భయమంతా ఒకటే అయింది. ఆమె తల ఖాళీ అయ్యేలోపు నా తలలోకి అది ఎక్కాలి. ఎక్కకపోతే ఆమె జీవితమంతా చేసిన పని ఈ ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ పని పడాల్సింది నా మీదనా అని ఎన్నిసార్లు ఏడ్చానో.

మొదటి పాఠం కళ్లంలో. వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎండ పడుతుందని వదిన మంచం అక్కడే వేశాం. "కిలోలని ఒక ఊరు, బస్తాలని ఒక ఊరు అనుకో. బస్తాల ఊర్ల సగం బస్తా ఉండదు, మొత్తం బస్తాలే లెక్క. బస్తాల ఊరి నుంచి కిలోల ఊరికి పోవుడు సులువు, ఒక్క బస్తాకు నలభై కిలోలు. మరి కిలోల ఊరి నుంచి మళ్ల ఎట్ల వస్తవ్? తొంభై కిలోల వడ్లున్నయి. ఎన్ని బస్తాలు?" అని అడిగింది.

నేను రెండు అన్నాను. ధాన్యం పంపేటప్పుడు మేము నిండినవే లెక్క పెడతాం. పక్కన వడ్లు ఎత్తుతున్న అత్తమ్మ చేట దించి, "రెండేంది? మిగిలినయి కొంగుల పోసుకుంటదా? మూడు సంచులు తే" అంది.

వదిన ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ సరిగ్గానే చెప్పారంది. తిరిగి వచ్చే దారులు రెండు. ఎన్ని బస్తాలు నిండుతాయి అన్నది ఒకటి. ఒక్క గింజ కింద పడకుండా ఎన్ని బస్తాలు కావాలి అన్నది ఇంకొకటి. రెండింటిలో ఏ దారిన వచ్చినా తొంభై కిలోలు తొంభైగా ఇంటికి చేరవు. ఒక దారిలో పది కిలోలు మిగిలిపోతాయి, ఇంకో దారిలో మూడో బస్తాలో చోటు మిగిలిపోతుంది. "అయినా రెండూ మాట తప్పవు" అంది. ఆ మాట ఏమిటో కూడా చెప్పింది. ఈ వడ్లు నాలుగు బస్తాల్లో పడతాయా అని కిలోల ఊర్లో అడిగితే, తొంభైకీ నాలుగు నలభైలకూ తూకం చూసి అవునంటారు. బస్తాల ఊర్లో అడిగితే, కావాల్సింది మూడు, ఉన్నవి నాలుగు, అవునంటారు. రెండు బస్తాల్లో పడతాయా అని అడిగితే ఇక్కడా కాదు, అక్కడా కాదు. ఏ ఊర్లో అడిగినా జవాబు ఒకటే. నిండే బస్తాల దారికీ అలాంటి మాటే ఒకటి ఉంది. ఇన్ని బస్తాలు నింపగలమా అని ఏ ఊర్లో అడిగినా ఒకటే చెబుతారు. నేను వేళ్ల మీద ఒక్కొక్కటే వేసి చూశాను. ఎక్కడా తప్పలేదు.

ఈ రెండు దారుల్లో ఒకటి ఎడమ, ఒకటి కుడి అంటారని చెప్పింది. మధ్యలో ఉన్నది బస్తాల నుంచి కిలోలకు పోయే దారి. ఎన్ని కావాలి అన్నది దానికి ఎడమ పక్క జత, ఎన్ని నిండుతాయి అన్నది కుడి పక్క జత. నా నోటి నుంచి అనుకోకుండా వచ్చింది, "దాపట, ఎలపట లెక్కనా?" అని. మా నాయనకు అరక ఉండేది. ఎడమ పక్క కట్టే ఎద్దును దాపటెద్దు అని, కుడి పక్కదాన్ని ఎలపటెద్దు అని అనేవాడు. దాపట అలవాటైన ఎద్దును ఎలపట కడితే సాలు తప్పి నడుస్తుంది. వదిన ఒక కన్ను మూసి, ఆ రెండు మాటలూ మళ్లీ మళ్లీ అనుకుంది. "ఇన్నేండ్లు లెఫ్టు, రైటు అనుకుంట తిరిగిన. అరక మా ఇంట్ల కూడ ఉండె. నాకేడ తోచలే" అంది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అవే పేర్లు. అత్తమ్మ మాత్రం ఇద్దరూ కూర్చుని ఎడ్ల బేరం చేస్తున్నారని అనేది.

ఒక సందేహం నన్ను చాలా రోజులు పీడించింది. అడగడానికి నోరు రాలేదు. ఆఖరికి ఒకనాడు ఆమె కాళ్లకు నూనె రాస్తూ, తల వంచుకునే అడిగాను, బస్తాల సంగతి మాకు తెలిసిందే కదా వదినా, దానికి ఇంత చదువు ఎందుకని. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. నవ్వింది. "తెల్సిందే. ఆ ఆకారం బస్తాల కాడనే ఉంటె నాకేం పని? బస్తాలు లేని కాడ, కిలోలు లేని కాడ, అస్సలు కంటికి కనపడని కాడ కూడ గదే జత నిలబడి ఉంటది. ఏడ ఉన్నదో ఎతుకుడే నా పని" అంది. అట్లాంటివి ఎన్ని దొరికాయని అడిగాను. కొన్ని ఆమెకు దొరికాయట, కొన్ని ఆమెకంటే ముందే ఎవరికో దొరికాయట, ఒక్కటి మాత్రం అంచు దాకా వచ్చి ఆగిపోయిందట. ఆ ఒక్కదాని గురించి చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

చామంతులు పూసే రోజుల్లో రెండో పాఠం. అప్పటికే ఆమెకు చిన్న చిన్న మాటలు తప్పిపోతున్నాయి. గ్లాసును తలుపు అనేది. అనగానే తనకే తెలిసి కళ్లు దించేది. నేను చామంతి, మరువం కలిపి దండ కడుతున్నాను. "అన్నిట్లకు సక్కనిది ఇంక చెప్పలే. మరుపు" అంది. లెక్కల్లో మరిచిపోవడం అనేది ఒక దారట. దండలు ఎలా కట్టాలో, ఒకదానికి ఒకటి ఎలా అతకాలో అంతా మరిచిపోయి, వట్టి పూలను పూలుగా చూసే దారి. దానికీ ఒక జత ఉందట, దాపట పక్కన. పూలు మాత్రమే చేతికిస్తే అది ఆ పూలతో కట్టగలిగిన దండలన్నీ కడుతుంది, దీని పక్కన అది ఉండకూడదు అనే షరతు ఏదీ పెట్టకుండా. "మరిచినదాన్ని తెచ్చియ్యదు పిల్లా. ఎవ్వరూ తేలేరు. ఉన్నదాంతోని కట్టగలిగినంత కడ్తది" అంది.

ఇక్కడ మాట తప్పకపోవడం ఏమిటని అడిగాను. దండల్లో ప్రతి చామంతి చోటా కనకాంబరం, ప్రతి మరువం చోటా బంతి పెట్టమంటే ఎన్నిసార్లు చెప్పాలి అని అడిగింది. రెండుసార్లు, రెండు పూలకు. మరి దండలు ఎన్ని? లెక్కలేనన్ని. "చూసినవా, పూవుకు చెప్తె దండకు చెప్పినట్టే. ఎట్లున్నది?" అంది. బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది. కానీ వడ్ల బస్తాలకూ ఈ దండలకూ పొత్తు ఏమిటో, రెండూ ఒకే ఆకారమని ఆమె ఎందుకంటోందో నాకు అందలేదు. అందలేదని చెప్పాను. ఆమె ఇంకోలా చెప్పబోయింది. మొదలుపెట్టిన మాట మధ్యలో ఆగింది. కాసేపు నా చేతుల్లో పూల వైపు చూసి, "గవి ఏంటియి?" అని అడిగింది.

అక్కడి నుంచి ఒక్కో మెట్టే దిగిపోయింది. నేను చూస్తూ ఉండటం తప్ప చేసిందేమీ లేదు. అడవి పల్లెల నుంచి ఆకుమందు తెప్పించారు. డాక్టర్ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లారు. మా ఆయన డాక్టర్ ముందు కూర్చుని మందుల వేళలు అడిగారు, తిండి సంగతి అడిగారు. అడగాలనుకున్నది మాత్రం అడగలేక లేచి వచ్చేశారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో వదిన కిటికీలోంచి చూస్తూ కనపడినవాటికి పేర్లు పెడుతోంది, అన్నీ తప్పుగా.

మీలో ఒకరు ఫోన్ చేసిన రోజు గుర్తుండే ఉంటుంది. ఆమె ఆపేసిన పని గురించి ఏదో అడిగారు. వదిన చెవి దగ్గర పెట్టుకుని చాలా మర్యాదగా విన్నది. తర్వాత ఫోన్ నాకిచ్చి, "ఏందో లెక్కల సంగతి అడుగుతుండ్రు. మనకు తెల్వదని చెప్పు" అంది. సిగ్నల్ లేదండీ అని పెట్టేశాను. మీరు తర్వాత మళ్లీ చేయలేదు. మీకూ తెలిసిపోయి ఉంటుంది.

బస్తాలకూ దండలకూ ఉన్న పొత్తు నాకు ఒకరోజు బియ్యం చెరుగుతుంటే తెలిసింది. ఏ కారణమూ లేదు, ఊరికే తెలిసింది. రెండు చోట్లా జరిగేది ఒకటే. కష్టమైన వైపు అడగాల్సినదాన్ని సులువైన వైపు అడుగుతున్నాం. వడ్లు తూచడం కష్టం, బస్తాలు లెక్కపెట్టడం సులువు. దండలన్నిటికీ చెప్పడం కష్టం, పూలకు చెప్పడం సులువు. ఆ జత ఉంది కాబట్టి జవాబు మారదు, ఒక్కటి కూడా తప్పిపోదు. తిరిగి ఇంటికి చేరలేకపోయినా, ఇంటికి అన్నిటికంటే దగ్గరగా తెచ్చి దించుతుంది. చేట పక్కన పెట్టి వదిన దగ్గరికి పరుగెత్తాను. చెప్పాను. ఆమె నా నోటి వైపు చూసింది, చేతుల వైపు చూసింది, ఆకలేస్తోందంది.

మీకు రాయడానికి అసలు కారణం ఇదే. నాకు అర్థమైందనుకున్నది సరైనదో కాదో చెప్పగలిగిన మనిషి నా పక్కనే ఉండి కూడా చెప్పలేకపోయింది. ఇప్పుడు మీరే మిగిలారు. నేను రాసినదాంట్లో తప్పుంటే అది నా తప్పు, వదిన చెప్పడంలో లోపం కాదు. తప్పయితే దయచేసి పుస్తకంలో వేయకండి, ఈ కాగితాలు కాల్చేయండి. ఆమె ఇలా చెప్పిందా అని ఎవరూ అనుకోకూడదు. సరిగ్గా ఉంటే ఆ మాట ఒక్కటి మా ఆయనకు ఫోన్‌లో చెప్పి, అప్పుడైనా సరే కాల్చేయండి. నా అక్షరాలు నలుగురు చూస్తారంటే నాకు చేతులాడవు.

ఇంకొక్క రోజు గురించి రాసి ఆపేస్తాను. ఆమె పోవడానికి కొన్నాళ్ల ముందు. చింతపండు కొట్టే పని నడుస్తోంది. అప్పటికి ఆమె నన్ను వదినా అని పిలవడం మొదలుపెట్టింది. తను నాకు వదిన, నేను తనకు మరదలిని. అటుది ఇటు అయింది. అత్తమ్మ వినలేక, "అది నీ మరదలే బిడ్డా, మరదలు" అని కళ్లు తుడుచుకునేది. పోనీలే అత్తమ్మా అనేదాన్ని.

ఆ రోజు ఆమె ఊరికే గోడ వైపు చూస్తూ ఉంటే, ఏదో ఒకటి మాట్లాడాలని, కింద కూర్చుని మొదలుపెట్టాను. కిలోలని ఒక ఊరు వదినా, బస్తాలని ఒక ఊరు. అంతా చెప్పాను. తొంభై కిలోలు, రెండు బస్తాలు, మూడు బస్తాలు. దాపట, ఎలపట. దండలు, పూలు. ఎవరి ముందూ అంతసేపు మాట్లాడిందాన్ని కాదు నేను. ఆమె మెల్లగా ఇటు తిరిగింది. ఒక కన్ను మూసుకుని, చిన్నపిల్ల కథ విన్నట్టు విన్నది. పూవుకు చెబితే దండకు చెప్పినట్టే అన్నప్పుడు చిన్నగా నవ్వింది.

"ఎవరు చెప్పిండ్రు నీకు గిది?" అని అడిగింది.

"మా వదిన చెప్పింది" అన్నాను.

"మంచిగ చెప్పింది" అంది. "ఆమె ఏడున్నది?" అంది.

ఆమె జవాబు కోసం చూడలేదు. ఇంకోపాలి చెప్పు వదినా అంటూ, నేను కూర్చోవడానికి, చేతులతో ఒంటిని మెల్లగా జరుపుకుంటూ, మంచం మీద పక్కకు చోటు చేసింది.